రెంబ్రాంట్ 'మూడు చెట్లు': రాగి రేకు, సూది, యాసిడ్‌తో వాన ఎలా కురిసింది?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒకే ఒక్క బొమ్మ గురించి మాట్లాడుకుందాం. రంగులు లేవు, రాజులు లేరు, యుద్ధాలు లేవు. సైజు చెప్పాలంటే సుమారు 21 సెంటీమీటర్లు ఇంటూ 28 సెంటీమీటర్లు. అంటే జిరాక్స్ షాపులో దొరికే ఏ4 కాగితం కన్నా ఒక పిసరు చిన్నది. పేరు 'మూడు చెట్లు'. చేసింది రెంబ్రాంట్, ఏడాది 1643, ఊరు ఆమ్‌స్టర్‌డామ్.

ముందు ఒక చిన్న పని చేయండి. వీడియో పాజ్ చేసి, రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఈ బొమ్మ వెతకండి. అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని పెద్ద మ్యూజియం. వాళ్ల దగ్గరున్న పాత బొమ్మల్ని మంచి రిజల్యూషన్‌లో ఫ్రీగా పెట్టేశారు. న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో వెతికినా సరే. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి నలిగిపోయిన బొమ్మ మాత్రం వద్దు. ఎందుకంటే దీంట్లో అసలు సంగతంతా జూమ్ చేస్తేనే కనబడుతుంది.

తెరిచారా? సరే, చూద్దాం.

కుడివైపు చిన్న గట్టు లాంటి ఎత్తు మీద మూడు చెట్లు. గుబురుగా, నల్లగా, ఒకదానికొకటి ఆనుకున్నట్టు ఉన్నాయి. వాటి వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతోంది. ఎడమవైపు మబ్బులు సుడులు తిరుగుతున్నాయి. పైన ఎడమ మూలలో రూలర్ పెట్టి గీసినట్టు ఏటవాలుగా బలమైన గీతలు. అదీ వాన. కింద చదునైన నేల దూరం దాకా పరుచుకుని ఉంది. దాని చివర ఒక ఊరు సన్నగా గీత లాగా కనిపిస్తోంది. ఆమ్‌స్టర్‌డామే అని ఎక్కువమంది అంటారు. బొమ్మలో సగం కన్నా ఎక్కువ భాగం ఆకాశమే తినేసింది.

ఇప్పుడు జూమ్ చేయండి. ఎడమవైపు కింద నీళ్ల ఒడ్డున ఒకాయన గాలం వేసుకుని నిలబడ్డాడు. పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. కుడివైపు గట్టు పైకి వెళ్లండి. అక్కడ మనుషులతో ఒక బండి పోతోంది. ఆ దగ్గర్లోనే ఒకతను కూర్చుని ఏదో గీసుకుంటున్నాడు. చిత్రకారుడు! తమాషా ఏంటంటే, వెనకాల ఇంత వాన, ఇంత నాటకం జరుగుతుంటే ఆయన అటు చూడనే చూడడు. వేరే వైపు తిరిగి తన పనేదో చేసుకుంటున్నాడు. ఇక కుడివైపు కింద మూల, బాగా నల్లగా ఉన్న పొద చూశారా? బ్రైట్‌నెస్ పెంచండి. అందులో ఒక జంట దాక్కుని ఉంది. మ్యూజియంలో బొమ్మ ముందు నిలబడ్డా కూడా చాలామంది వాళ్లని చూడకుండానే వెళ్లిపోతారు.

ఇంత చిన్న కాగితంలో ఇంత పెద్ద లోకం ఎలా పట్టింది? దీనికి జవాబు ఆయన టాలెంట్ అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ అది సగం జవాబే. మిగతా సగం టెక్నిక్‌లో ఉంది. దాని పేరు ఎచింగ్.

ఇది అర్థం కావాలంటే మీ జేబులో 500 రూపాయల నోటు ఉంటే తీయండి. గాంధీగారి బొమ్మ మీద వేలు మెల్లగా రుద్దండి. కొంచెం ఉబ్బెత్తుగా, గరుగ్గా తగులుతుంది. దాన్ని ఇంటాగ్లియో ప్రింటింగ్ అంటారు. రబ్బరు స్టాంపు గుర్తు తెచ్చుకోండి. అందులో పైకి లేచి ఉన్న భాగానికి ఇంకు అంటుతుంది, అదే కాగితం మీద పడుతుంది. ఇంటాగ్లియోలో సరిగ్గా ఉల్టా. ఇంకు ఉండేది గుంటల్లో, గాడుల్లో. కాగితాన్ని గట్టిగా అదిమితే ఆ గాడిలోకి దిగి అక్కడి ఇంకుని పైకి లాక్కొస్తుంది. అందుకే గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. రెంబ్రాంట్ ఎచింగులు కూడా ఈ కుటుంబంలోవే. అంటే మీ నోటుకీ, ఆ మూడు చెట్లకీ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

అయితే రాగి రేకు మీద గాడి ఎలా పడుతుంది? ఇక్కడ రెండు దారులున్నాయి.

పాత దారి ఎన్‌గ్రేవింగ్. బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో రాగిని నేరుగా తవ్వుకుంటూ పోవాలి. కంసాలి నగిషీ చెక్కే పని లాంటిదే. యూరప్‌లో కూడా ఇది బంగారు పనివాళ్ల దగ్గర్నుంచే బొమ్మల్లోకి వచ్చింది. చాలా బలం కావాలి, ఏళ్ల తరబడి సాధన కావాలి. గీత వంపు తిరగాలంటే చేతిని తిప్పరు, రేకునే తిప్పుతారు. గీత మాత్రం అద్భుతంగా, క్లీన్‌గా వస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఈ పద్ధతిలో చెట్టు ఆకులు గీయాలంటే? గాలికి ఊగే గడ్డి గీయాలంటే? తల ప్రాణం తోకకొస్తుంది.

రెండో దారి ఎచింగ్. ఇది కత్తులూ కవచాలూ అలంకరించే పనివాళ్ల దగ్గర మొదలైంది. ఇనుము మీద యాసిడ్‌తో డిజైన్లు వేసేవాళ్లు. దాదాపు 1500 ప్రాంతంలో జర్మనీ ఆగ్స్‌బర్గ్‌లో డానియెల్ హోప్ఫర్ అనే ఆయన దీన్ని కాగితం మీద ప్రింటు తీయడానికి వాడాడు. ఆ తర్వాత ఇనుము పోయి రాగి వచ్చింది.

పని ఇలా సాగుతుంది. రాగి రేకుని అద్దంలా నున్నగా పాలిష్ చేస్తారు. దాని మీద మైనం, తారు లాంటి పదార్థం, చెట్ల బంక కలిపిన పల్చటి పూత వేస్తారు. దీన్ని గ్రౌండ్ అంటారు. యాసిడ్ ఈ పూతని ఏమీ చేయలేదు. ఇప్పుడు ఒక సూది తీసుకుని పూత మీద బొమ్మ గీస్తారు. గుర్తుపెట్టుకోండి, సూది రాగిని తవ్వడం లేదు. పైన పూతని మాత్రమే గీకుతోంది. సూది వెళ్లిన చోటల్లా లోపలి రాగి బయటపడుతుంది. తర్వాత దాన్ని యాసిడ్‌లో పెడతారు. పూత ఉన్న చోట యాసిడ్ ఆగిపోతుంది, పూత పోయిన చోట రాగిని తినేస్తుంది. అంటే తవ్వే కష్టం మొత్తం యాసిడ్‌ది. చేతికి మిగిలేది పెన్నుతో రాసుకున్నంత తేలిక.

ఇదే ఆట మార్చేసిన విషయం అని నాకు అనిపిస్తుంది. కాగితం మీద పెన్నుతో ఎంత ఫ్రీగా గీకుతామో, అంత ఫ్రీగా రాగి మీద గీకొచ్చు. రెంబ్రాంట్ ఎన్‌గ్రేవింగ్ నేర్చుకున్న పనివాడు కాదు, పెయింటర్. ఎచింగ్ లేకపోతే ఆయన ఈ గుబుర్లు, ఈ గడ్డి, ఈ మబ్బుల సుడులు రాగి మీద వేసేవాడే కాదేమో. ఆ చెట్ల ఆకులు జూమ్‌లో చూడండి. ఒక్క ఆకు కూడా ఆకులా ఉండదు! అన్నీ గజిబిజి గీతలు, మెలికలు. ఫోన్ కొంచెం దూరం పెడితే చాలు, చెట్టు అయిపోతుంది.

ఇక నలుపు, బూడిద రంగుల తేడా ఎలా వస్తుంది? ఉన్నది ఒకే నల్ల ఇంకు కదా? దానికి కీలకం టైమ్. యాసిడ్‌లో కాసేపే ఉంటే గాడి లోతు తక్కువ, ఇంకు తక్కువ పడుతుంది, గీత లేతగా వస్తుంది. ఎక్కువసేపు ఉంటే లోతైన గాడి, చిక్కటి నలుపు. ఒకే రేకు మీద రెండూ కావాలంటే? కాసేపయ్యాక రేకు బయటికి తీసి, లేతగా ఉండాల్సిన గీతల మీద వార్నిష్ పూసి మూసేస్తారు. మిగతావాటిని మళ్లీ యాసిడ్‌లోకి దింపుతారు. దీనితోపాటు గీతల మీద గీతలు అడ్డంగా, నిలువుగా అల్లుకుంటూ పోతే నీడ చిక్కబడుతుంది. దూరాన ఉన్న ఊరు పొగమంచులా లేతగా, దగ్గరున్న పొద జంటని దాచేంత నల్లగా ఉండడం వెనక ఇంత లెక్క ఉంది.

మూడో పద్ధతి కూడా ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. డ్రైపాయింట్. పూతా లేదు, యాసిడూ లేదు. గట్టి సూదితో నేరుగా రాగినే గీరడం. పొలంలో నాగలి పోతే చాలు పక్కన మట్టి ఎలా లేస్తుందో, సూది వెంట రాగి కూడా అలా అంచుల్లో లేస్తుంది. ఈ అంచుని బర్ అంటారు. ఇంకు పూసినప్పుడు ఇది కూడా ఇంకుని పట్టుకుంటుంది. అందుకే డ్రైపాయింట్ గీత అంచులు చెరిగినట్టు, వెల్వెట్ బట్టలా మెత్తగా వస్తాయి.

దీనికో శాపం ఉంది. ఆ బర్ చాలా సున్నితం. ప్రెస్సులో ప్రతిసారీ బరువు పడేకొద్దీ అది నలిగిపోతుంది. కొన్ని పదుల కాపీలయ్యేసరికి ఆ మెత్తదనం పోతుంది. ఎచింగ్ గీతలు ఇంకా చాలా కాపీలు తట్టుకుంటాయి కానీ, డ్రైపాయింట్ మాత్రం ముందే చచ్చిపోతుంది. అంటే బొమ్మని పంచుకుంటున్నకొద్దీ బొమ్మ అరిగిపోతోంది. మన ఫోన్లో ఫోటో పది లక్షల మంది చూసినా ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు. అందుకే ఈ సంగతి మనకి వెంటనే ఎక్కదు.

'మూడు చెట్లు'లో రెంబ్రాంట్ ఈ మూడు పద్ధతులూ కలిపి వాడాడు. ఎచింగ్, డ్రైపాయింట్, ఎన్‌గ్రేవింగ్. ఇలా కలగాపులగం చేయడానికి ఈయనకి ఏ పట్టింపూ లేదు. వాన గీతలు చూడండి, మొహమాటం లేకుండా కర్రల్లా నిలబడ్డాయి. కొందరికి అవి మిగతా బొమ్మతో కలవనట్టు, మొరటుగా అనిపిస్తాయి. నాకైతే ఆ మొరటుతనమే నచ్చింది. మెలికలు తిరిగే మబ్బుల పక్కన ఆ తిన్నటి గీతలు పడబట్టే వానకి బరువు వచ్చింది.

ప్రింటు తీయడం కూడా చెప్పేస్తాను. రేకుని కాస్త వేడి చేసి, మొత్తం ఇంకు పూసి, గాడుల్లోకి దట్టిస్తారు. తర్వాత గుడ్డతో పైపైన తుడుస్తారు, చివర్లో అరచేత్తో. పైన ఉన్న ఇంకు పోతుంది, గాడుల్లోది మిగులుతుంది. తడిపి మెత్తబరిచిన కాగితం దాని మీద వేసి, పైన మందపాటి ఉన్ని గుడ్డలు పరిచి, రెండు రోలర్ల మధ్య నుంచి లాగుతారు. చెరుకు రసం బండి చూశారు కదా, ఆ సూత్రమే. కాగితం పైకి లేపిన ఆ క్షణం దాకా బొమ్మ ఎలా వచ్చిందో చేసినవాడికి కూడా తెలీదు.

పైగా తుడవడంలోనే బోలెడు తేడా. కొంచెం ఇంకు పొర కావాలని వదిలేస్తే ఆకాశం మసకబారుతుంది, పూర్తిగా తుడిస్తే తెల్లగా మెరుస్తుంది. రెంబ్రాంట్ తర్వాతి రోజుల్లో దీంతో బాగా ఆడుకున్నాడు. కాగితాలు కూడా మార్చేవాడు. 1640ల చివర్నుంచి జపాన్ కాగితం మీద కూడా ప్రింట్లు తీశాడు. పసుపు ఛాయలో, పట్టులా ఉండే కాగితం అది. దాన్ని యూరప్‌కి తెచ్చింది డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు. ఆ కంపెనీకే మన మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదటి నుంచీ వ్యాపార కేంద్రం ఉండేది. ఇక్కడ్నుంచి బట్టలు పోయేవి.

ఇంకో సంగతి. ప్రింటు అంటే అద్దంలో ప్రతిబింబం. రేకు మీద కుడివైపు గీస్తే కాగితం మీద ఎడమవైపు వస్తుంది. మన తిరుమలలో తాళ్ళపాక వారి సంకీర్తనలు చెక్కిన రాగి రేకులున్నాయి కదా, అవి నేరుగా చదువుకోవడానికి చెక్కినవి. కాబట్టి అక్షరాలు తిన్నగా ఉంటాయి. అదే ప్రింటు తీయాల్సిన రేకైతే సంతకం దగ్గర్నుంచి అన్నీ తిరగేసి రాయాలి. రెంబ్రాంట్ గీసిన ఊళ్ల దృశ్యాలు చాలావరకు అసలు ఊరికి అద్దం బింబాలే, ఆయన సరిచేయాలని కూడా అనుకోలేదు. మన బొమ్మ కూడా రేకు మీద తిరగబడే ఉండాలి. అంటే సూదితో గీస్తున్నప్పుడు ఆయన కళ్ల ముందు చెట్లు ఎడమవైపు, వాన కుడివైపు. మనం ఎడమ నుంచి కుడికి చూడ్డానికి అలవాటు పడ్డవాళ్లం కాబట్టి ముందు వాన కనబడి, తర్వాత వెలుగులో చెట్లు కనబడతాయి. వాన వెళ్లిపోయింది అనిపిస్తుంది. ఫోన్లో బొమ్మని ఫ్లిప్ చేసి చూడండి. ఇప్పుడు ముందు చెట్లు, తర్వాత మబ్బులు. వాన వచ్చేస్తోంది అనిపించట్లేదూ? ఈ బొమ్మలో వాన వస్తోందా పోతోందా అని పెద్దపెద్దవాళ్లే వాదించుకుంటారు. ఒక్కసారి ఫ్లిప్ చేస్తే ఆ వాదన ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది.

ఇప్పుడు 1643 దగ్గరికి వద్దాం. దానికి ముందు ఏడాది, 1642 జూన్‌లో, రెంబ్రాంట్ భార్య సాస్కియా చనిపోయింది. అప్పటికి కొడుకు టైటస్‌కి ఏడాది కూడా నిండలేదు. అంతకు ముందే వాళ్లకి పుట్టిన ముగ్గురు పిల్లలు పసితనంలోనే పోయారు. అదే 1642లో ఆయన అతి ప్రసిద్ధ పెయింటింగ్ 'నైట్ వాచ్' పూర్తయింది. 1639లో 13,000 గిల్డర్లకి కొన్న పెద్ద ఇల్లు, దాని తాలూకు అప్పు నెత్తి మీద ఉంది. ఆ ఇంట్లో పసివాడితో ఉన్న మనిషి మరుసటి ఏడాది చేసిన బొమ్మ ఇది.

కాబట్టి చాలామంది ఇందులో దుఃఖం చదువుతారు. మూడు చెట్లంటే క్రీస్తు కథలో కొండ మీది మూడు శిలువలని, తుఫాను అంటే ఆయన గుండెలోని తుఫానని చెబుతారు. వినడానికి బాగుంటుంది. నేను మాత్రం అంత దూరం పోను. ఎందుకంటే అదే బొమ్మలో గాలం వేసుకుంటున్నాయన ఉన్నాడు, బండిలో మనుషులున్నారు, పొదలో జంట ఉంది. ఎవరూ వాన గురించి కంగారు పడట్లేదు. దుఃఖంలో ఉన్నవాడు ఊరి బయటికి నడిచివెళ్లి, మిగతా జనం మామూలుగా బతుకుతుండడం చూశాడు అనుకుంటే నాకు ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. ఇది నా అభిప్రాయం. మీకు మూడు శిలువలే కనబడితే కాదనను.

ఇంకో మాట. దీన్ని బరోక్ కాలపు బొమ్మ అంటాం. బరోక్ అనగానే ఇటలీ చర్చిలు, బంగారు పూతలు, గాల్లో ఎగిరే దేవదూతలు గుర్తొస్తారు. హాలండ్ కథ వేరు. అది ప్రొటెస్టెంట్ దేశం, అక్కడి చర్చిలు పెద్దగా బొమ్మలు కొనవు. కొనేది వ్యాపారులు, మామూలు గృహస్థులు. పెయింటింగ్ కొనలేనివాళ్లు కూడా ప్రింటు కొనుక్కోగలరు. వెలుగు, చీకటి కొట్లాడుకునే ఆ బరోక్ నాటకం ఇక్కడ దేవతల మీద కాకుండా ఊరిచివర చెట్ల మీద పడిందన్నమాట.

అయితే ఇంతకీ ఒరిజినల్ ఏది? ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. రేకు ఒరిజినల్ కాదు, అది ప్రింటు తీయడానికి పనిముట్టు. కాగితం మీద వచ్చిన ప్రతి ప్రింటూ ఒరిజినలే. కానీ అన్నీ సమానం కాదు. రేకు కొత్తగా ఉన్నప్పుడు తీసిన ప్రింటుకీ, అరిగాక తీసినదానికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది. 1656లో రెంబ్రాంట్ దివాలా తీశాడు. ఇల్లు, సేకరించుకున్న బొమ్మలు అన్నీ పోయాయి. 1669లో ఆయన పోయాక కూడా ఆయన రేకులు చేతులు మారుతూనే ఉన్నాయి. 18, 19 శతాబ్దాల్లో కూడా వాటి మీద ప్రింట్లు తీసి అమ్మారు. అరిగిన గీతల్ని వేరేవాళ్లు మళ్లీ దిద్దిన సందర్భాలూ ఉన్నాయి. ఆయన చేసిన సుమారు 300 ఎచింగుల్లో ఇవాళ సుమారు 80 రేకులు మిగిలాయి. కాబట్టి ఎవరైనా 'ఒరిజినల్ రెంబ్రాంట్ ఎచింగ్' అమ్ముతున్నాం అంటే, అబద్ధం కాకపోవచ్చు, కానీ ఎప్పుడు తీసిన ప్రింటు అన్నదే అసలు ప్రశ్న.

రాగి మీద తప్పు పడితే డిలీట్ లేదా అని అడగొచ్చు. ఉంది, కష్టం అంతే. స్క్రేపర్‌తో గీకి, వెనక నుంచి కొట్టి చదును చేసి, మళ్లీ పాలిష్ చేయాలి. రెంబ్రాంట్ ఇలా వేరేవాళ్ల రేకునే మార్చేశాడు. హెర్క్యులెస్ సెగెర్స్ అని అంతకు ముందు తరం డచ్ కళాకారుడు ఉండేవాడు. రంగు ఇంకులు, రంగు కాగితాలు, బట్ట మీద ప్రింట్లు, ఇలా ఒక్కో కాపీ ఒక్కోలా తీసిన వింత మనిషి. ఆయన చేసిన 'టోబియాస్, దేవదూత' రేకు రెంబ్రాంట్ చేతికొచ్చింది. అందులో పెద్ద మనుషుల్ని గీకేసి, మేరీ, జోసెఫ్ ఈజిప్టుకి పారిపోతున్న దృశ్యంగా మార్చాడు. చెట్లు పెట్టి కప్పేశాడు కానీ పాత దేవదూత రెక్క ఆనవాళ్లు ఆ కొమ్మల్లో ఇంకా కనిపిస్తాయి. దీని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, సెగెర్స్‌కి అంత హక్కుంది.

ఈ పద్ధతి మ్యూజియంలో మూసేసిన పాత విద్య అనుకోకండి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె.లక్ష్మా గౌడ్ గారు హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో చదువుకుని, ఎచింగ్‌లో తెలంగాణ పల్లె మనుషుల్ని, మేకల్ని, చెట్లని గీశారు. ఆయన గీత ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ పోగొట్టుకున్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఎచింగ్ ఎలా చేస్తారో చేసి చూపిస్తారు. ఆ వైపు చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు మన వీడియోలు చూస్తుంటారు కాబట్టి చెప్తున్నా, వీలైతే వెళ్లి ప్రెస్సు తిప్పడం దగ్గర్నుంచి చూడండి.

ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. యూట్యూబ్ చూసి యాసిడ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. దానికి గాలి ఆడే స్టూడియో, గ్లవ్స్, పక్కన తెలిసినవాళ్లు ఉండాలి. డ్రైపాయింట్ అయితే కాస్త మందపాటి ప్లాస్టిక్ షీటు మీద సూదితో గీరి కూడా చేయొచ్చు. ఇంకు పూసి, తుడిచి, తడి కాగితం పెట్టి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దితే చాలు, మసగ్గానైనా ఒక ప్రింటు వస్తుంది. మీ పేరు రాస్తే మాత్రం తిరగేసి రాయండి.

పొదలో జంట ఎంతమందికి కనబడిందో కామెంట్లలో రాయండి. గట్టు మీద గీసుకుంటున్నాయన కనబడితే అది కూడా. ఉంటాను మరి.